గుద్దలి ఎవరి చేతికి

అసూయ ఉద్యోగానికి మంచిది కాదని మీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. మాకూ చెప్పారు. ఆ పాఠం చెప్పినాయన, పక్క గదిలో కూర్చునే ఇంకో అధికారికి తనకంటే పెద్ద కారు ఇచ్చారని ఏడాది పాటు అన్నం సహించక తిరిగిన మనిషి. అందుకని నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. నా సర్వీసు చివరి భాగమంతా ఒకే మనిషి మీద అసూయతో గడిచింది. రిటైరయ్యాక తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

బెంగళూరులో రోడ్లు తవ్వే ఆఫీసులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నేను ఇంజనీరుని. ఏదని అడక్కండి. ఏ పేరు చెప్పినా, మా వీధి తవ్వి వదిలేసింది మీరేనా అని ఎవరో ఒకరు తగులుకుంటారు. మాది తాతల కాలంలోనే ఈ ఊళ్ళో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, ఫైల్లో ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ గట్టిగా మాట్లాడతానని నాకు పేరు. ఆ పేరు మంచిదో చెడ్డదో ఎవరూ తేల్చి చెప్పలేదు.

కొన్నేళ్ళ క్రితం పాత పేటను మళ్ళీ నిలబెట్టాలని ఒక పథకం వచ్చింది. నగర్తపేట చుట్టుపక్కల వీధులు మీకు తెలిసే ఉంటాయి. లేసులు, బటన్లు, జరీ, కరెంటు సామాన్లు, ప్లాస్టిక్ పూలు, అన్నీ హోల్‌సేల్. అలాంటి చోట నడవడానికి చోటు లేక, బండి ఆపడానికి చోటు లేక, తలమీద వేలాడే కేబుళ్ళకు భయపడి కొనేవాళ్ళు రావడం తగ్గించేశారు. డబ్బున్నవాళ్ళు రింగు రోడ్డు మీది మాల్స్‌కి పోతున్నారు. కాబట్టి కేబుళ్ళు భూమిలోకి దించాలి, కొత్త కాలువ కట్టాలి, రాతి పలకలు పరవాలి, బండ్లు ఆపేసి జనాన్ని నడిపించాలి. జనం నడిస్తే వ్యాపారం నడుస్తుంది. ఇదీ లెక్క. కాగితం మీద చాలా బాగుంది. కాగితం తయారు చేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మొదటి విడతలో పక్కపక్కనే ఉన్న రెండు వీధులు తీసుకున్నారు. పెద్ద వీధి నాకు ఇచ్చారు. దాని వెనక సందులాంటి చిన్న వీధిని నాకంటే సర్వీసులో చిన్నవాడైన ఒక ఇంజనీరుకి ఇచ్చారు. హిందూపురం వైపు మనిషి. నేను మాట్లాడబోయేది అతని గురించే.

అతనిలో ఏముందని అసూయ అంటారా? అదే నాకూ అర్థం కాలేదు. పనిలో నాకంటే గొప్పవాడేం కాదు. అతని డ్రాయింగుల్లో తప్పులు నేను చూశాను. వెతికి మరీ చూశాను. ఒక కాలువ వాలు తప్పు వేశాడు. నాకు దొరికిపోయింది. పెద్ద సారు ముందు చెప్తే చాడీలా ఉంటుందని ఆగాను. మొదటి పెద్ద వాన కోసం ఎదురుచూశాను. వాన రాగానే గొడుగు వేసుకుని అతని వీధికి వెళ్ళి ఒక అంగడి చూరు కింద నిలబడ్డాను, నీళ్ళు నిలుస్తాయని. నీళ్ళు ఎంచక్కా పోయాయి. కట్టేటప్పుడు మేస్త్రితో మాట్లాడి సరిచేసుకున్నాడట. నా చెప్పులు మాత్రం తడిసిపోయాయి.

మనుషుల దగ్గర అతనికి ఏదో ఉండేది. ఆ వీధిలో అడుగుపెడితే ప్రతి అంగట్లోంచీ ఒక పిలుపు వినిపించేది. "రాప్పా, కాఫీ తాగిపో." "మా ఇంజనీరప్పా వచ్చినాడు." మా ఇంజనీరప్పా! నా వీధిలో నన్ను చూస్తే అందరూ మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు. మర్యాదకు కొదవ లేదు. కానీ కాఫీ ఎవరూ ఇచ్చింది లేదు. పండగ వస్తే అతని టేబుల్ మీద ఏ ఇంటి నుంచో ఒబ్బట్ల డబ్బా, అదే మన బొబ్బట్లు, ఉండేది. అందరికీ పంచేవాడు. నాకూ ఇచ్చేవాడు. తినేదాన్ని. బాగుండేవి. అదింకా మంట.

అతన్ని ఎప్పుడూ 'మీరు' అనే పిలిచాను. ఆఫీసులో చిన్నవాళ్ళందరినీ నువ్వు అనే నేను అతనొక్కడినే 'మీరు' అనడం గౌరవమని అతను అనుకున్నాడో లేదో తెలియదు. అది దూరం పెట్టడమని నాకు మాత్రం తెలుసు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఊళ్ళో ఏ పని మొదలుపెట్టినా ముందు గుద్దలి పూజ చేస్తారు. షామియానా వేసి, మైకు పెట్టి, పెద్ద మనిషిని పిలిచి, పసుపు కుంకుమ పూసిన గుద్దలితో నేల మీద ఒక దెబ్బ వేయిస్తారు. ఫోటో తీస్తారు. నా వీధి మొదట్లో అదే చేయించాను. పూలదండలు, నాదస్వరం, బాదంపాలు, ఏ లోటూ లేదు. పెద్దాయన వచ్చి గుద్దలి వేసి వెళ్ళిపోయారు. మర్నాడు కాంట్రాక్టరు మనుషులు ఒక అంగడి ముందు తవ్వబోతే ఆ అంగడాయన అడ్డం వచ్చాడు.

"ఈడ కొట్టేకి మీకెవురు చెప్పినారు?"

"నిన్న పూజ జరిగింది కదండీ," అన్నాను.

"గుద్దలి ఏసినాయప్పను పిలుచుకొని రాండి. ఆయనే వచ్చి నా అంగడి ముందర తవ్వల్ల. మీరు తవ్వి పోతే గుంత పూడ్చేది ఎవురు?"

రెండో అంగట్లోనూ ఇదే మాట, మూడో దాంట్లోనూ ఇదే. నెలలు గడిచాయి. వీధి మొదట్లో ఒక గుంత, దాని చుట్టూ పచ్చ పరదా. నా పథకమంతా ఆ పరదా వెనక ఆగిపోయింది.

వెనక సందులో మాత్రం పని ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి దర్జాగా జరుగుతూ పోయింది. ఎలా జరుగుతోందో చూద్దామని ఒక రోజు పొద్దున్నే వెళ్ళాను. షామియానా లేదు, మైకు లేదు. అతను ఒక్కో అంగడికీ వేరుగా పూజ చేయిస్తున్నాడు. ఒక టెంకాయ, ఒక నిమ్మకాయ, కొంచెం కర్పూరం. అంగట్లో కూర్చునే మనిషి చేతికే గుద్దలి ఇచ్చి తన వాకిట్లో మొదటి దెబ్బ తననే వేయమంటున్నాడు. వేశాక టెంకాయ ముక్కలు పంచుకుని తినడం, కాఫీ తాగడం. అంతే. తన చేత్తో తవ్వుకున్న గుంత గురించి ఎవరూ గొడవ చెయ్యలేదు. పైగా చుట్టూ ఇటుకలు పేర్చి కాపలా కాశారు. ఒకాయన ఆ గుంతకు సాయంత్రం దీపం కూడా పెట్టాడు.

"బాగుంది," అన్నాను. అంతకంటే ఏం మాట్లాడినా గొంతు పట్టిచ్చేలా ఉంది.

"ఏం లేదు మేడం, వాళ్ళ వాకిలి వాళ్ళే తవ్వుకుంటాండారు. నాదేముండాది?" అన్నాడు.

ఆ మాటకు ఇంటికి వెళ్ళాక కూడా ఉడికిపోయాను. నాదేముండాది అట! నాది అని గట్టిగా అన్నా ఒప్పుకునేదాన్ని.

సరే, నేనూ అదే చేద్దామనుకున్నాను. కాపీ కొట్టాననకండి, మెరుగుపరిచాననుకున్నాను. అతనిలా రోజుకొక అంగడి అంటే ఎప్పటికయ్యేను? ఒకే మంచి ముహూర్తం పెట్టి, ఒకే పొద్దున వీధి మొత్తం, అన్ని అంగళ్ళ ముందూ ఒకేసారి గుద్దలి వేయిద్దామని నిశ్చయించాను. పెద్ద సారు సంబరపడిపోయారు. టీవీ వాళ్ళను కూడా పిలుద్దామన్నారు. అంగడికొకటి చొప్పున కొత్త గుద్దళ్ళు కొనిపించి, కర్రలకు రంగు వేయించి, బంతిపూలు చుట్టించాను. ఆహ్వానాలు అచ్చు వేయించాను. పక్క వీధి వాళ్ళు వచ్చి చూడాలని నా కోరిక. ముఖ్యంగా పక్క వీధి ఇంజనీరు చూడాలని.

ఆహ్వానాలు ఎవరికి పంపాలి? ఇంజనీరు బుర్ర కదా, ఆస్తి పన్ను ఎవరి పేరు మీద ఉందో చూసి వాళ్ళకు పంపించాను. ప్రభుత్వానికి తెలిసిన యజమాని వాళ్ళే కదా అని నా తర్కం.

ఆ రోజు పొద్దున పేటలోకి కార్లు వచ్చాయి. పట్టు పంచెలు, పట్టు చొక్కాలు, అత్తరు వాసనలు. కట్టడాల ఓనర్లు మల్లేశ్వరం నుంచి, జయనగర్ నుంచి దిగారు. వాళ్ళలో చాలామంది ఆ వీధి చూసి ఏళ్ళయింది. ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు.

"మేడం, ఇందులో నాది ఏదమ్మా?"

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన చేయి పట్టుకుని ఒక లేసుల అంగడి ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టాను. అప్పుడు చూశాను వీధిని. షట్టర్లన్నీ సగానికి దించి ఉన్నాయి. అంగళ్ళలో కూర్చునే బాడుగదారులు, ఆడా మగా, బయటికి వచ్చి తమ తమ వాకిళ్ళలో నేల మీద కూర్చున్నారు. సరిగ్గా గుద్దలి పడాల్సిన చోట. అరుపుల్లేవు, నినాదాల్లేవు. ఒక్కొక్కరూ కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

లేసుల అంగడి ముందు కూర్చున్నామె నాకు కొంచెం తెలుసు. మామగారు పెట్టిన అంగడి. ఆయన పోయాక, మొగుడు పోయాక ఆమే నడుపుతోంది. కోలారు వైపు తెలుగు. నేను రవికెలకు లేసు అక్కడే కొనేదాన్ని. ఆమె గజం కొలిచేటప్పుడు చివర్లో ఇంకో జానెడు వదిలి కత్తిరించేది.

"ఏందక్కా ఇది? పూజ వేళ," అన్నాను.

"పూజ చేయించుకోండమ్మా, నేనేం అడ్డమా? నా మింద ఏసేయమని చెప్పు ఆయప్పను."

"ఆయన ఓనరు కదా అక్కా. ఆయన వేస్తే నీకేం పోయింది?"

ఆమె చాపిన కాళ్ళు కదపకుండానే అంది.

"నువ్వు చదువుకున్నదానివి కదమ్మా. ఈ పేటలో ఏ వాకిట్లో ఎవురు గుద్దలి ఏస్తే అంగడి వాళ్ళదని లెక్క. మా మామ ఈడ మెట్టు కట్టిచ్చినప్పుడు మా మామే ఏసినాడు. ఇప్పుడు ఈయప్ప ఏస్తే రేపు నన్ను లేయమంటాడు. రాళ్ళు పరిచి లైట్లు పెడితే ఈ అంగడి కాఫీలు అమ్మేటోళ్ళకిస్తానని పోయిన నెలే చెప్పినాడు. అడుగు, కాదంటాడేమో."

నేను ఓనరు వైపు చూశాను. ఆయన కాదనలేదు. పట్టుకున్న గుద్దలికి చుట్టిన బంతిపూలను సర్దుకుంటూ నిలబడ్డాడు.

అప్పటిదాకా నాకు తట్టని విషయం ఇదే. వీధి బాగుపడితే బాడుగ పెరుగుతుంది. బాడుగ పెరిగితే వీధిని ఇన్నాళ్ళూ నడిపినవాళ్ళు వెళ్ళిపోతారు. అది జరుగుతుందని పథకం రాసేటప్పుడు తెలియక కాదు, అందులో దానికో పేరా కూడా ఉంది. కానీ ఆ పేరాను నేనే ముహూర్తం పెట్టి, నాదస్వరం పెట్టి, ఆహ్వానాలు పంపి మరీ ప్రారంభిస్తున్నానని అనుకోలేదు. అతని సందులో గుద్దలి వేసినవాళ్ళంతా బాడుగదారులే. అతను ఎవరికీ ఆహ్వానం పంపలేదు. అంగట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళ చేతికిచ్చాడు. అతనికి ఈ మెలిక ముందే తెలుసో, ఉత్తినే అలా కలిసొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. కలిసొచ్చిందని నమ్మడం నాకు కొంచెం సుఖంగా ఉంటుంది.

పెద్ద సారు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "ఏనమ్మా ఇదు?" అన్నారు కన్నడంలో. ఏమిటమ్మా ఇది అని. టీవీ వాళ్ళు కెమెరా మోసుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. పంతులు, ఇంకాసేపు పోతే రాహుకాలం వచ్చేస్తుందని ప్రతి ఒక్కరి చెవిలోనూ చెప్తున్నాడు. ఓనర్లు గొణగడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఇద్దరైతే, పోలీసుల్ని పిలవండి అన్నారు. పెద్ద సారు ఆ మాట వినగానే ఫోన్ తీశారు. పోలీసులకే అనుకున్నాను. కాదు.

"నువ్వు ఎక్కడున్నావు? వెంటనే రా. ఇక్కడ నీ అవసరం ఉంది," అన్నారు ఫోన్లో.

ఎవరికి చేశారో అడగాల్సిన పనిలేదు. చుట్టూ కూర్చున్న బాడుగదారుల మొహాల్లో కూడా ఒక వెలుగు వచ్చింది. లేసులామె పక్కన కూర్చున్న బటన్ల అంగడాయన అన్నాడు, "ఆయప్ప వస్తే మాట్లాడుకుంటాం. మనోడు."

మనోడు! వాళ్ళ వీధి ఇంజనీరు నేను. అతను వెనక సందు మనిషి. నా వీధిలో, నేను పెట్టిన ముహూర్తంలో, నేను కొన్న గుద్దళ్ళ మధ్య అతను మనోడు. నాకు కళ్ళు మండాయి. ఎండకేం కాదు.

కాసేపటికి వీధి చివర అతను కనిపించాడు. చేతిలో హెల్మెట్ పట్టుకుని నిదానంగా నడుచుకుంటూ వస్తున్నాడు. దారిలో ఎవరో పలకరిస్తే ఆగి మాట్లాడుతున్నాడు కూడా. వచ్చి ఏం చేస్తాడో నాకు ముందే కనిపించిపోయింది. ఇక్కడ కూర్చుంటాడు. కాఫీ తెప్పిస్తాడు. ఓనరు భుజం మీద చెయ్యి వేసి ఏదో నవ్వు మాట చెప్తాడు. ఆయన చేతిలోని గుద్దలి తీసి లేసులామె చేతిలో పెడతాడు. అందరూ చప్పట్లు కొడతారు. చివర్లో నా వైపు తిరిగి, ఏం లేదు మేడం, నాదేముండాది, అంటాడు.

ఈ బొమ్మలో ఒక్క ముక్క మాత్రం నేను చేతిలోకి తీసుకున్నాను. అతను ఇంకా బటన్ల అంగడి దాకా రాకముందే ఓనరు చేతిలోని గుద్దలి లాక్కున్నాను. లాక్కున్నాననే చెప్పాలి, ఆయన ఇవ్వలేదు. లేసులామె ముందు పెట్టాను.

"లెయ్యక్కా. నువ్వు కొట్టు."

"నేనా?"

"నీ వాకిలి. నువ్వే కొట్టు. తొందరగా. రాహుకాలం వస్తోంది."

రాహుకాలమా, నా బొందా. వచ్చేది అతను.

ఆమె లేచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గుద్దలి రెండు చేతులా ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. పాత సిమెంటు పెచ్చు లేచి నా కాళ్ళ మీద పడింది. బటన్లాయన తన ఓనరు వైపు చెయ్యి చాపాడు. ఆ ఓనరు అటూ ఇటూ చూశాడు. కెమెరా తన మీదే ఉంది. ఇచ్చేశాడు. తర్వాత వీధంతా ఒకటే చప్పుడు. కొందరు ఓనర్లు కోపంగా కార్లెక్కారు. వాళ్ళ గుద్దళ్ళు నేల మీద పడేసే పోయారు. బాడుగదారులు అవి తీసుకుని కొట్టారు.

అతను నా దగ్గరికి వచ్చేసరికి టెంకాయలు కొట్టడం కూడా అయిపోయింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"పని అయిపోయినట్టుందే మేడం."

"అవును. మీరు పని ఆపుకుని రావలసిన అవసరం లేదు," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం సర్వీసులో ఇంకెప్పుడూ కలగలేదు. ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా. మీరు దీన్ని జాలి, న్యాయం, బాడుగదారుల పక్షం అని ఏదో పెద్ద మాటతో పిలవబోతారేమో. పిలవకండి. ఆ క్షణంలో నాకు లేసులామె అంగడి గుర్తు లేదు. అతను నా కంటే ముందు ఆ పని చేసేస్తాడన్న కుళ్ళు ఒక్కటే ఉంది. మంచి పనులన్నీ మంచి మనసుతోనే జరగాలంటే ఊళ్ళో సగం కాలువలు కట్టి ఉండేవారు కాదు.

చట్టంలో ఆ దెబ్బకు ఏ విలువా లేదు. పేటలో ఉంది. లేసులామె ఓనరు తర్వాత ఒకటి రెండు సార్లు ప్రయత్నించాడట. కాఫీల వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. కానీ పక్క అంగళ్ళ వాళ్ళు, గుద్దలి వేసినామెను లేపి ఆ అంగట్లో ఎవరు కూర్చుంటారో కూర్చోండి చూద్దాం అన్నారట. అలాంటి చోట వ్యాపారం పెట్టడానికి వాళ్ళు జంకారు. అందరికీ ఇలాగే జరిగిందని చెప్పను. మూల మీది ఇద్దరు ముగ్గురు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు అక్కడ గాజు తలుపుల అంగళ్ళు ఉన్నాయి. బండ్లు తిరగకూడదని పరిచిన రాళ్ళ మీద స్కూటర్లు నిలబెడుతున్నారు. మీరు ఎప్పుడైనా వెళ్తే తిట్టండి. నేనూ మొన్న వెళ్ళినప్పుడు తిట్టాను, లాభం లేకపోయింది.

ఆ లేసులంగడి ఓనరుకి పెద్దవాళ్ళు తెలుసు. ఆరు వారాలు తిరగకుండా నన్ను వర్తూరు వైపు మురుగు కాలువల పనికి మార్చారు. నా వీధిని అదనపు బాధ్యతగా ఎవరికి ఇచ్చారో చెప్పాలా? అతనికే. తవ్వకాలు నేను మొదలుపెట్టించాను, రాళ్ళు అతను పరిపించాడు. ప్రారంభోత్సవానికి నేను వెళ్ళలేదు. వర్తూరులో కాలువ గట్టు మీద ముక్కుకు చున్నీ కట్టుకుని నిలబడి ఉండగా ఫోన్లో ఫోటోలు వచ్చాయి. అతని తలమీద మైసూరు పేట, అంటే జరీ తలపాగా, భుజం మీద శాలువా, మెడలో గంధపు దండ. పేట అతనికి కొంచెం పెద్దదై చెవుల మీదికి దిగింది. అంత అందంగా ఏం లేడు. స్టేజీ మీద నా పేరు చెప్పాడట, ఈ వీధి మేడందే అన్నాడట. వీడియో తీసినవాళ్ళు ఆ ముక్క మాత్రం తియ్యలేదు.

ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టింది ఒక్కటే. వీధులు రెండూ అతనివే కావచ్చు, పేటా శాలువా అతనివే కావచ్చు, ఒబ్బట్లు అతనివే కావచ్చు. కానీ ఆ రోజు ఆ ఒక్క పని నాది. అతను వస్తుండగా, అతనికంటే ముందు, నా చేత్తో చేసింది. మనసు బాగా లేనప్పుడల్లా దాన్ని తలుచుకునేదాన్ని. మురుగు కాలువ పక్కన కూడా పనికొచ్చింది.

మొన్న రిటైరయ్యాక మొదటిసారి ఆ వీధికి వెళ్ళాను, ఒక రవికెకు లేసు కోసం. లేసులామె నన్ను చూడగానే స్టూలు వేసింది. కాఫీ తెప్పించింది. ఆ వీధిలో నాకు దొరికిన మొదటి కాఫీ. రాళ్ళ మీద నడిచే జనాన్ని చూస్తూ తాగాను. వ్యాపారం బాగుందంది. తన అంగడి తనకు ఉండటం నా వల్లేనని వచ్చినవాళ్ళకు చెప్పింది. నేను వద్దు వద్దంటూనే బాగా విన్నాను.

తర్వాత ఆమె లేసు కొలుస్తూ, చాలా మామూలుగా, ఒక మాట అంది.

"ఆ పొద్దు ఆ ఇంజనీరప్పా పొద్దున్నించి మా మరిది కాఫీ అంగట్లోనే కూర్చోని ఉండాడమ్మా, వీధి మూలలో. తెల్సా నీకు?"

"లేదే. సారు ఫోన్ చేశాక కదా వచ్చాడు."

"ఎక్కడ! పూజ మొదలు గాకముందే వచ్చినాడు. నీ ముహూర్తం చూసేకి వచ్చినాడంట. సారు ఫోన్ జేస్తే, వస్తాండా సార్ అని చెప్పి మళ్ళా కూర్చున్నాడంట. మా మరిది అడిగినాడు, పోవేమప్పా, వాళ్ళంతా నీ కోసం చూస్తాండారు అని."

"ఏమన్నాడు?"

ఆమె నవ్వింది.

"నేను పోయి చేస్తే రేపు ఓనర్లు నిలవనీరు, ఎవురో పక్క వీధోడు వచ్చి చేసినాడంటారు. ఆ వీధి ఇంజనీరు మేడం, ఆమె చేత్తో ఇస్తేనే నిలుస్తాది అన్నాడంట. ఆమె ఇస్తాదా అంటే, నేను వస్తాండేది కనపడితే చాలు, ఇచ్చేస్తాది, ఆమెకు నేనంటే సరిపడదు అని నవ్వినాడంట. ఇంగ లేచి, హెల్మెట్టు చేతికి తీసుకొని, మెల్లగ నడిచినాడంట."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. లేసు తీసుకున్నాను, బయటికి వచ్చాను. రంగు కూడా తప్పు తీసుకున్నానని ఇంటికి వచ్చాకే తెలిసింది.

తెలుసన్నమాట. ఇన్నేళ్ళూ మూతి బిగించుకుని, మీరు మీరు అంటూ, గొడుగు వేసుకుని నీళ్ళు నిలుస్తాయేమోనని కాచుకుని, నేను దాచిపెట్టుకున్న కుళ్ళంతా అతనికి తెలుసు. తెలిసి ఊరుకోలేదు. ఇంట్లో పనిముట్టును వాడుకున్నట్టు, అవసరమైనప్పుడు తీసి వాడుకున్నాడు. నాదంటూ మిగిలిన ఆ ఒక్క పని కూడా నాది కాదు.

ఆ సాయంత్రం ఉండబట్టలేక ఫోన్ చేశాను. అతనూ రిటైరయ్యాడు, మారతహళ్ళిలో కూతురి ఫ్లాటులో ఉంటున్నాడు. ఎత్తగానే, "మేడం! ఎట్లుండారు?" అన్నాడు, నిన్ననే మాట్లాడినట్టు. వెనక ప్రెషర్ కుక్కర్ కూతలు పెడుతోంది. నేను సూటిగా అడిగాను. ఆ రోజు మూల మీద కాఫీ అంగట్లో కూర్చున్నది నిజమా, నాకు కనిపించాలనే అలా నడిచి వచ్చారా అని.

ముందు కుక్కర్ కట్టెయ్యమని లోపలికి కేకేశాడు.

"అయ్యో, ఎవురు చెప్పినారు మేడం ఇదంతా? కాఫీ అంగడి వాళ్ళకు వేరే పనేముండాది, కథలు చెప్పేది తప్ప. నేను మీ పని చేసి పెట్టేకే వస్తాంటిని. మీరు నాకంటే ముందర చేసేస్తిరి. ఆ పొద్దు నాకు మీ మింద ఎంత కోపం వచ్చిందో తెల్సా!"

నాకు అప్పుడే అర్థమైపోయింది. అతనికి కోపం రావడం నేను ఏనాడూ చూడలేదు, ఎవరూ చూడలేదు. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాదు. అయినా చెప్పాడు. నా పని నాకు తిరిగి ఇచ్చేశాడు, గుద్దలి చేతికి అందించినంత తేలిగ్గా. నేనే గనక అతని చోట ఉండి ఆ పని చేసుంటే, ఆ వీధిలో ఒక్కో అంగడికీ వెళ్ళి చెప్పుకునేదాన్ని, సెండాఫ్‌లో మైకు పట్టుకుని చెప్పేదాన్ని, ఇప్పుడు మీకు కూడా ముందు అదే రాసేదాన్ని. అంత పని చేసి, ఇన్నేళ్ళు నోరు మూసుకుని, అడిగినా కాదని నవ్వగలిగిన మనిషిని చూస్తే కుళ్ళు రాకుండా ఎట్లా ఉంటుంది, మీరే చెప్పండి.